ఘానా సవన్నా రీజియన్: ఏనుగులు చూశాక సలాగా కూడా చూడండి

ఘానా ఉత్తరానికి వచ్చేవాళ్ళు చాలామంది మోలే నేషనల్ పార్క్‌లో ఏనుగుల్ని చూసి, తమాలే నగరంలో విమానమెక్కి రాజధాని అక్రాకు తిరిగి వెళ్ళిపోతారు. ఒకప్పుడు బానిసల సంత నడిచిన సలాగా ఊరు చూడకుండా వెళ్తే మాత్రం ఈ ప్రాంతం సగమే చూసినట్టని నా గట్టి నమ్మకం.

2018 డిసెంబరులో జరిగిన రెఫరెండం తర్వాత ఘానాలో రీజియన్లు 10 నుంచి 16 అయ్యాయి. పాత నార్తర్న్ రీజియన్ నుంచి విడదీసిన సవన్నా రీజియన్ 2019లో ఏర్పడింది. రాజధాని డమొంగో. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది, జనాభా మాత్రం 2021 లెక్కల్లో ఆరున్నర లక్షలే. గంటల తరబడి గడ్డి, షియా చెట్లు, అక్కడక్కడా ఊళ్ళు. ఇది గొంజా అనే జాతి రాజ్యపు నేల. వాళ్ళ రాజు యగ్బొన్వురా ఆస్థానం నేటికీ డమొంగోలోనే ఉంది.

మోలే నేషనల్ పార్క్‌లో బసకు రెండు దారులు. జేబు బరువుగా ఉంటే జైనా లాడ్జ్. లేదంటే గుట్ట అంచున ఉన్న మోలే మోటెల్. అక్కడ గదులు సాదాగా ఉంటాయి, కానీ కూర్చున్న చోటినుంచే కింద నీటిగుంటలు కనిపిస్తాయి. ఎండాకాలంలో ఏనుగులు అక్కడికే వస్తాయి. నా ఓటు మోటెల్‌కే. తుపాకీ పట్టుకున్న రేంజర్ వెంట నడిచి వెళ్ళే సఫారీ జీపు సఫారీకన్నా బాగుంటుంది. తిండి మాత్రం బయట పెట్టకండి, బబూన్లు ఎత్తుకుపోతాయి.

దగ్గర్లోనే లారబంగా మట్టి మసీదు. 1421లో కట్టారని ఊరివాళ్ళు చెబుతారు. ముస్లిమేతరులకు లోపలికి ప్రవేశం లేదు, బయటినుంచే చూడాలి. 1970ల్లో దీనికి సిమెంటు పూశారు. తేమ లోపలే చిక్కుకుని గోడలు దెబ్బతిన్నాయి, 2002లో గాలివానకు మీనారు కూలింది. తర్వాత సిమెంటు తీసేసి పాత పద్ధతిలోనే మట్టితో బాగుచేశారు. గైడ్ రుసుము, చందా ఎంతో ముందే మాట్లాడుకోండి.

భోజనానికి ఇబ్బంది లేదు. టూవో జాఫీ మన సంకటిలాగే ఉంటుంది. శాకాహారులు వాగాషి అనే పాలజున్ను, బీన్స్ కూర అడగొచ్చు.

ఇక సలాగా. 19వ శతాబ్దంలో ఉత్తరాది హౌసా జాతి వర్తకులు, ఉత్సాహం కోసం నమిలే కోలా కాయల కోసం ఇక్కడికి బిడారులు కట్టుకుని వచ్చేవారు. అదే సంతలో మనుషుల్నీ అమ్మేవారు. 1807లో బ్రిటన్ సముద్రం మీద బానిసల వ్యాపారాన్ని నిషేధించాక కూడా ఈ సంత దశాబ్దాల పాటు నడిచింది. తీరంలో బానిసల్ని ఓడలెక్కించిన కోటలు చూసినవాళ్ళకు ఓడలతోనే కథ ముగిసిందనిపిస్తుంది. ముగియలేదని ఇక్కడికొస్తేనే తెలుస్తుంది. సంత జరిగిన చోటు, నేలలో తవ్విన బావులు, అమ్మకానికి ముందు బానిసలకు స్నానం చేయించిన వొంకన్ బావా అనే చెరువు చూడొచ్చు. అప్పటిదాకా సలాగాపై పెత్తనం చేసిన దక్షిణాది అసాంటే (అశాంతి) రాజ్యం 1874లో బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఓడాక వర్తకం కింటాంపో అనే మరో సంత ఊరి వైపు మళ్ళింది. 1892లో స్థానిక నాయకుల మధ్య జరిగిన అంతర్యుద్ధంతో ఊరు చితికిపోయింది.

ఇక్కడ సౌకర్యాలు తక్కువ. చిన్న గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి గానీ, తమాలేలో బస పెట్టుకుని కారు మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావడం మేలు. స్థానిక గైడ్‌ను తప్పకుండా తీసుకోండి. చెప్పేవాళ్ళు లేకపోతే ఆ బావులు ఉత్త గుంతల్లా కనిపిస్తాయి. డిసెంబరు, జనవరుల్లో సహారా నుంచి వీచే హార్మటాన్ గాలి దుమ్ము కమ్ముతుంది కాబట్టి ఫిబ్రవరి, మార్చి ఎంచుకోండి. ఎండ మండిపోయినా ఏనుగులు కనిపించేదీ అప్పుడే.