టికెట్లు కోశాక చెప్పారు, కుక్క వద్దని

పాలమూరులో పెద్ద పార్కుకు వెళ్లాం. డబ్బులు తీసుకుని టికెట్లు చేతిలో పెట్టేదాకా ఎవరూ ఏమీ అనలేదు. లోపలికి అడుగు పెట్టబోతుంటే గేటు మనిషి మా కుక్క బబ్లూని చూసి, "కుక్కను తీస్కపోనియ్యం సార్" అన్నాడు.

పెద్దలకు 30 చొప్పున మూడు, పాపకు 10, పార్కింగుకు 50. మొత్తం 150 రూపాయలు. వాపసు అడిగితే, "కోసిన టికెట్టు ఎట్ల తీస్కుంట?" అని మమ్మల్నే అడిగాడు. బోర్డు ఎక్కడుందంటే, "పెడితే మీరు చదువుతరా?" కౌంటరులో ఉన్నావిడ ఫోన్లోంచి తలెత్తలేదు. చివరికి నా భార్య, పాప లోపలికి వెళ్లారు. అమ్మ, నేను, బబ్లూ కారులో ఏసీ వేసుకుని నలభై నిమిషాలు కూర్చున్నాం. ఎండలో కుక్కను కారులో ఒంటరిగా వదలకూడదు కదా. ఆ పెట్రోలు లెక్క వేరే. తిరిగొచ్చిన నా భార్య, "లోపల కూడా పెద్దగా ఏం లేదులే" అంది, ఓదార్పుగానో దెప్పుతూనో.

అక్కడే మా బావమరిది ఇంట్లో రెండు రోజులున్నాం. మర్నాడు పిల్లలమర్రి. గొడవెందుకని బబ్లూని ఇంట్లోనే ఉంచాం. దాదాపు 700 ఏళ్ల చెట్టంటారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడితే చెదలు పట్టిందని తేలింది. సెలైన్ ఎక్కించినట్టు కాండంలోకి మందు ఎక్కించి బతికించుకున్నారు. ఆ సంగతి చెబితే అమ్మ, "చెట్టుకు సెలైన్ పెట్టేటోళ్లున్న ఊర్లో కుక్కకు చోటు లేదా బిడ్డా!" అంది.

ఉందని సాయంత్రం తెలిసింది. బావమరిది వాళ్ల కాలనీలోనే, వాళ్లింటికి నాలుగు వీధుల అవతల చిన్న పార్కు. "ముందే చెప్పాల్సింది బావా, మీరు పెద్ద పార్కే కావాలన్నరు కదా" అన్నాడు. నిజమే, అన్నాను. టికెట్టు లేదు. రెండు ఊయలలు, అందులో ఒకదాని గొలుసు తెగింది. నాలుగు వేపచెట్లు, చుట్టూ మట్టి బాట. ఆ మట్టి బాటే నాకు నచ్చింది. టైల్స్ పరిచిన చోట ఎండాకాలం మధ్యాహ్నం కుక్కను నడిపిస్తే పాదాలు కాలిపోతాయి. అరచేతి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించి చూడండి, మీకు ఓర్చుకోలేనంత వేడైతే దానికీ అంతే.

అక్కడి పద్ధతి మొక్కలకు నీళ్లు పడుతున్న పెద్దాయన చెప్పాడు: బెల్టు ఊడదీయొద్దు, ఊయలల వైపు రానీయొద్దు, కుక్క పాడుచేస్తే మీరే ఎత్తాలి. చెప్పేసి పైపు దగ్గరున్న పగిలిన మట్టి మూకుట్లో బబ్లూకి నీళ్లు పోశాడు. నేను సంచి మరచిపోయాను. వాకింగుకొచ్చిన ఒకావిడ తన దగ్గరున్న పాత పేపరు ఇచ్చి, "ఈసారి తెచ్చుకోండి" అంది, నవ్వకుండానే. పాపతో బంతాట ఆడిన పిల్లలు మొదట బబ్లూకి భయపడ్డారు, తర్వాత వదల్లేదు. రేబిస్ టీకా వేయించారా అని ఒకాయన అడిగితే పుస్తకం చూపించాను. అడగడం మంచిదే.

వచ్చేటప్పుడు రోడ్డు పక్కన జొన్న రొట్టెలు, ఒక్కోటి 15. ఆరు తిన్నాం. ఏడోది బబ్లూకి.

ఇంటికొచ్చాక ప్యాంటు ఉతకడానికి తీస్తే జేబులో ఆ టికెట్టు దొరికింది. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు.