పచ్చ పైపు పెట్టిన కారు: మూడేళ్ల వాడకం తర్వాత

మొన్న మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఒంగోలు నుంచి చీమకుర్తి పోతున్నాను. కర్నూలు రోడ్డు మీద బండి డెబ్బైలో ఉంది. బయట ఎండ 42. ఫోన్‌లో చూస్తే ఇంజిన్ పీల్చే గాలి వేడి, అంటే ఇంటేక్ టెంపరేచర్ 45. తేడా మూడే మూడు డిగ్రీలు. అది చూసి మురిసిపోయే మనిషి మా ఊళ్లో నేనొక్కణ్ణే అయుంటాను. దానికోసం మూడేళ్లలో మూడుసార్లు పైపు మార్చాను, ఒక ఫాగ్ ల్యాంపు పీకించాను, ఒకసారి ఇంజినే పోగొట్టుకోబోయాను.

బండి పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజిన్, గాలిని ఒత్తి లోపలికి తోసే టర్బో లేదు. రోజూ గ్రానైట్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పోయి రావడం, నెలకోసారి నెల్లూరు అత్తగారింటికి. కోన్ ఫిల్టర్ అంటే, కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి దాని బదులు పెట్టుకునే శంకువు ఆకారపు ఫిల్టర్. ఎట్టా బిగిస్తారన్న పాఠం వదిలేస్తున్నా. నేను చెప్పదల్చుకున్నది ఆ ఫిల్టర్‌కి గాలి మోసుకొచ్చే పైపు గురించి.

2022 ఏప్రిల్‌లో పదకొండు వేలు పెట్టి కోన్ ఫిల్టర్ ఉన్న కోల్డ్ ఎయిర్ కిట్ బిగించాను. ఫిల్టర్ బానెట్ కింద, ఎగ్జాస్ట్‌కి రెండు జానల దూరంలో, ఏ అడ్డూ లేకుండా కూర్చుంది. పేరేమో కోల్డ్ ఎయిర్, పీల్చేదేమో రేడియేటర్ వదిలిన వడగాలి. మొదటి వారం నాకవేం పట్టలేదు. యాక్సిలరేటర్ తొక్కితే గుర్రుమని ఒక మోత వచ్చేది, దానికే ఒళ్లు పులకరించేది. పికప్ బ్రహ్మాండంగా పెరిగిందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను కూడా.

తర్వాత బండి కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌లో చూపించే ఓబీడీ డాంగిల్ ఒకటి కొని ఫోన్‌కి కలిపాను. అక్కడ మొదలైంది గోల. అద్దంకి బస్టాండ్ సెంటర్‌లో పది నిమిషాలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంటేక్ గాలి 68 డిగ్రీలు చూపించింది. రోహిణి కార్తె కదా అని సరిపెట్టుకోబోయి, మనసు ఊరుకోక మర్నాడు కంపెనీ డబ్బా తిరిగి బిగించి అదే టైముకి అదే సెంటర్‌కి పోయి నిలబడ్డాను. 56! గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం పలచబడుద్ది. పన్నెండు డిగ్రీలంటే నాలుగు శాతం దాకా గాలి తగ్గినట్టే. పైగా వేడిగాలి వస్తోందని తెలిస్తే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ), పెట్రోలు తనంతట తానే పేలి ఇంజిన్ కొట్టుకోకుండా (దాన్నే నాకింగ్ అంటారు), ప్లగ్గు నిప్పురవ్వ వేసే టైమింగ్ వెనక్కి లాగుద్ది, పవర్ తగ్గుద్ది. మొత్తానికి పదకొండు వేలు పోసి వడగాలి కొనుక్కున్నాను.

మంగమూరు రోడ్డులో నేను పోయే మెకానిక్‌తో ఈ సంగతి చెబితే నవ్వాడు. "పొయ్యి పక్కన కూర్చోబెట్టి చల్లగాలి రాలేదంటే ఎట్టన్నా? బయట్నుంచి తెచ్చుకోవాల."

తేవడానికి పైపు కావాలి. చిమ్నీకి వాడే అల్యూమినియం ముడతల పైపు తెచ్చాను, అది నెలకే చిరిగిపోయింది. చివరికి వ్యవసాయ మోటార్లు అమ్మే షాపుకి పోయి, కాలవ నీళ్లు తోడేదానికి రైతులు వాడే పచ్చ సక్షన్ పైపు మూడంగుళాలది మీటరు అడిగాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి "ఎన్ని హెచ్‌పీ మోటారు?" అన్నాడు. "ఎనభై" అన్నాను. "బోరా, కాలవా?" అన్నాడు. కారు అని చెప్పే ధైర్యం లేక కాలవే అన్నాను. నూట ఎనభై రూపాయలు.

కుడివైపు ఫాగ్ ల్యాంపు తీసేసి ఆ కన్నంలో పైపు మూతి పెట్టాం. రెండో కొస ఫిల్టర్ దగ్గరికి. ఫిల్టర్ చుట్టూ అల్యూమినియం రేకు వంచి, బానెట్‌కి ఆనేచోట డోర్ బీడింగ్ అంటించాం. రోడ్డు మీద 44కి వచ్చింది. ట్రాఫిక్‌లో 55.

ఇక్కడ ఒక మాట. ఎదురుగాలి ఇంజిన్‌లోకి దూసుకుపోయి టర్బో పెట్టినట్టు పవర్ వస్తుందని కొందరు చెబుతారు, నేనూ నమ్మాను. లెక్క వేసుకుంటే గాలి తీసినట్టయింది. వంద కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తోసే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా లేదు. నా ఇంజిన్ ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 60 లీటర్ల గాలి మింగుద్ది, మూడంగుళాల పైపు దానికి చాలు. పైపు చేసే మేలు తోయడంలో లేదు, వేడి తగలకుండా తేవడంలోనే ఉంది.

నాకు అనుకోకుండా దొరికిన సుఖం కూడా అక్కడే. ఒట్టి కోన్‌తో ట్రాఫిక్‌లో కాగిన బండి, కదిలాక రెండు మూడు కిలోమీటర్లు పోతేగానీ తేరుకునేది కాదు. పైపు పెట్టాక సిగ్నల్ దాటి రెండో గేరు, మూడో గేరు వేసేలోపే అంకె జరజరా దిగిపోతోంది. మే నెలలో నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని సౌత్ బైపాస్ ఎక్కేటప్పుడు బండి ఎద్దు మొరాయించినట్టు మొరాయించేది. అది పోయింది. ఈ ఒక్కదానికే ఆ పైపుని ముద్దు పెట్టుకోవచ్చు అనుకున్నాను, 2023 డిసెంబర్ దాకా.

మిగ్‌జాం తుపాను వానల్లో మేం నెల్లూరులో ఉన్నాం. డిసెంబర్ 4న, అంటే అది బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందురోజు, మామగారికి మందులు అయిపోయాయని నేనూ బావమరిదీ బయల్దేరాం. అండర్ బ్రిడ్జిల వైపు పోకూడదని నెల్లూరులో చిన్నపిల్లాడికైనా తెలుసు, మేమూ పోలేదు. చుట్టూ తిరిగి ఒక పెద్ద వీధిలోకి వచ్చాం. నీళ్లు మోకాలికి ఇంకా బెత్తెడు కిందే ఉన్నాయి. మొదటి గేరులో, ఒకే వేగంతో, జాగ్రత్తగానే పోతున్నాను. ఎదురుగా ఒక బస్సు వచ్చింది. అది తోసిన అల బంపర్ మీదికెక్కి హెడ్‌లైటు దాకా తగిలింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

చెయ్యి తాళం మీదికి పోయింది. నిజం చెబుతున్నా, మీలో ఎవరున్నా ఆ క్షణంలో సెల్ఫ్ కొడతారు. బావమరిది కూడా "ఇంకోసారి చూడు బావా" అన్నాడు. అప్పుడు నాకు రోడ్డుకి అడుగుంపావు ఎత్తులో ఉన్న పైపు మూతి గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. మెకానిక్‌కి ఫోన్ చేశాను. "తాళం పీకి జేబులో ఏస్కోన్నా. లేకపోతే చెయ్యి ఆగదు. నీళ్లు నలగవు, రాడ్డే వంగుద్ది" అన్నాడు. సిలిండర్‌లో గాలి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కుద్ది. నీళ్లుంటే నొక్కలేదు, ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడుద్ది. ఒకసారి వంగిందా, ఇంజిన్ దింపాల్సిందే. ఇద్దరం దిగి, ఆ వానలో, మూసేసిన ఒక టిఫిన్ సెంటర్ ముందున్న ర్యాంపు మీదికి బండిని తోశాం.

రెండోరోజు వాన తెరిపిచ్చాక అక్కడి మెకానిక్ వచ్చి ఫిల్టర్ ఊడదీస్తే, తడిపిన దూది ఉండలా ఉంది. పిండితే నీళ్లు. పైపు ఎత్తితే చెంబెడు నీళ్లు బుడబుడమని పడ్డాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి సెల్ఫ్ కొట్టాడు. మూడో కన్నంలోంచి సన్నటి తుంపర లేచి బానెట్‌కి తగిలింది, మిగతా మూడూ పొడిగానే ఊదాయి. డిప్‌స్టిక్ తీసి వెలుతురులో పెట్టి చూశాడు. ఆయిల్ పాలకాఫీ రంగుకి తిరిగితే నీళ్లు కలిసినట్టు. తిరగలేదు. "మీ అదృష్టం సార్, ఫిల్టర్ తడిసి ఊపిరాడక ఆగిపోయింది, లేకపోతే తాగేసేది" అన్నాడు.

నీళ్లు పైపులో ఎందుకు నిలిచాయో ఒంగోలు వచ్చాక తెలిసింది. అడుగున పెన్సిలంత కన్నం పెట్టే ఉంచాం, నీళ్లు పడితే కారిపోయేదానికి. కానీ పచ్చ పైపు రెండు ఎండాకాలాల వేడికి మెత్తబడి మధ్యలో బొజ్జ జారింది. కన్నం ఒకచోట, బొజ్జ ఇంకోచోట. ఆ కన్నమైనా తెరిచి ఉందా అంటే, చీమకుర్తి దుమ్ము మెత్తుకుని సిమెంటులా మూసుకుపోయింది. సూదితో గీకితే బూడిద రంగు పొడి రాలింది. ఏడాదిన్నరగా నేను బానెట్ ఎత్తి ఫోటోలు తీసుకున్నానుగానీ కింద పడుకుని ఆ కన్నం ఒక్కసారీ చూడలేదు.

ఇన్సూరెన్స్ సంగతీ అప్పుడే తెలిసింది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా తీసుకోకపోతే, నీళ్లు తాగిన ఇంజిన్‌కి మామూలు పాలసీలో డబ్బులు రావు. ఫాగ్ ల్యాంపు కన్నంలో పైపు పెట్టుకుని క్లెయిముకి పోతే కవర్ ఉన్నా సర్వేయర్ ఏమంటాడో నేను ఊహించుకోగలను.

ఇక దుమ్ము. గ్రానైట్ కోసేటప్పుడు వచ్చే బురద రోడ్డు పక్కన ఎండిపోయి, లారీ వెళ్లినప్పుడల్లా పౌడరులా లేస్తుంది. బంపర్ కింద మూతి పెట్టడమంటే దాన్ని పిలిచి లోపల కూర్చోబెట్టడమే. నూనె పూసిన కాటన్ ఫిల్టర్‌ని నెలకోసారి కడిగి నీడలో ఆరబెట్టేవాణ్ణి. ఎంత చేసినా ఒకరోజు ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలో వేలు పెట్టి తిప్పితే పళ్లపొడి ముట్టుకున్నట్టు గరగరలాడింది. ఫిల్టర్ దాటి వచ్చింది ఇంకెక్కడికి పోతుంది, సిలిండర్లోకే కదా.

అందుకే 2024 జనవరిలో నేను చేసిన పని కొందరికి నవ్వు తెప్పించొచ్చు. కోన్ ఫిల్టర్ తీసి అటక మీద పెట్టాను. కంపెనీ డబ్బా, కాగితం ఫిల్టర్ వెనక్కి వచ్చాయి. పైపు మాత్రం ఉంచుకున్నాను, ఈసారి గట్టి గోడ ఉన్న కొత్త ముక్క. మూతి ఇప్పుడు గ్రిల్ వెనక, రేడియేటర్ పై అంచుకన్నా ఎత్తులో ఉంది. రెండో కొస డబ్బా మూతికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతుంది, తగిలించలేదు. గాలి దాటుద్ది, నీళ్లు వస్తే ఆ సందులోంచి కింద పడతాయి. రేకు, బీడింగ్ పాతవే. ఫాగ్ ల్యాంపు మళ్లీ పెట్టించాను.

ఇప్పుడు అంకెలు: బయట 42 ఉంటే రోడ్డు మీద 45, ట్రాఫిక్‌లో 52. పైపు లేకుండా ఒట్టి కంపెనీ డబ్బా అయితే 46, 56. అంటే రోడ్డు మీద లాభం ఒక్క డిగ్రీ. కంపెనీవాళ్లకి గాలి ఎక్కణ్ణుంచి తీసుకోవాలో నాకంటే ముందే తెలుసన్నమాట.

పికప్ గురించి అప్పట్లో నేను ఊరంతా చెప్పిన మాట కూడా సరిచేసుకోవాలి. మొన్నామధ్య టంగుటూరు టోల్ దాటాక ఖాళీ రోడ్డు చూసుకుని, నాలుగో గేరులో 60 నుంచి 100కి ఎంతసేపు పడుతుందో బావమరిది స్టాప్‌వాచ్ పట్టాడు. పైపుతో ఆరుసార్లు, పైపు మూసేసి ఆరుసార్లు. పైపుతో 13.1 నుంచి 13.9 సెకన్లు, లేకుండా 13.3 నుంచి 14. ఆ తేడా పైపుదో వాడి బొటనవేలిదో చెప్పలేను. మైలేజీలో మార్పు లేదు, ఉండదు కూడా. మెల్లగా పోయేటప్పుడు యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు, అంటే థ్రాటిలే, గాలిని కట్టేసి ఉంచుద్ది, చల్లగాలి ఇచ్చినా సగం తలుపే తెరిచి ఉంటుంది. గుర్రుమనే ఆ మోత మాత్రం పోయింది. ఒక్కోసారి సింగరాయకొండ దగ్గర లారీని దాటేటప్పుడు దానికోసం చెవులు వెతుక్కుంటాయి.

నాలాగా ఎండలో, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిపే చిన్న పెట్రోల్ ఇంజిన్ అయితే నూట ఎనభై రూపాయల పైపు, ఒక రేకు ముక్క పెట్టి చూడొచ్చు. నాకైతే ఏసీతో సిగ్నల్ దగ్గర లాగేటప్పుడు తేడా తెలుస్తోంది, మిగతాచోట్ల తెలియడం లేదు. నాది ఏసీ లేకుండా ఉండలేని ఒళ్లు, పైగా బండికి వారంటీ ఎప్పుడో అయిపోయింది. కొత్త బండి అయితే నేనే ముట్టుకునేవాణ్ణి కాదు.

బావమరిది ఇప్పుడు తన డీజిల్ బండికి కోన్ ఫిల్టర్ వేయించుకుంటానంటున్నాడు, అటక మీదున్నది ఇచ్చెయ్యమని వారంగా ఫోన్లు. ముందు వాళ్ల వీధిలో వానకి నీళ్లు ఎంత లోతు నిలుస్తాయో టేపు పెట్టి కొలిచి చెప్పమన్నాను. ఇంకా కొలవలేదు.