తలకోన జోరీగలు: ఎక్కడ దిగాలి, ఎక్కడ తీయాలి

జోరీగల మాక్రో ఫొటోల (బాగా దగ్గరగా, పెద్దగా తీసే ఫొటోల) కోసం తలకోన వెళ్తే జలపాతం దగ్గర ఆగొద్దు. జనం తొక్కిడికి అక్కడ ఏ ఈగా కుదురుగా వాలదు. కిందికి వాగు వెంబడి రండి. జోరీగ పిల్లపురుగులు పెరిగేది తడిమట్టిలో, గుడ్ల కోసం ఆడది నెత్తురు వెతుక్కునేది పశువుల మీద. అందుకే వాగు పక్కన మేత ఉన్న చోటు చూసుకోవాలి. నేరబైలు వైపు ఊళ్లలో దొడ్లు ఇంకా మేలు, ఇంటివాళ్లను అడిగి వెళ్లాలి.

నెత్తురు తాగే ఈగ లెన్సు దగ్గరికొచ్చినా తొందరగా లేవదు. పశువు కాళ్ల మీద, పొట్ట కింద ఎక్కువగా వాలుతుంది. పగ్గం ఇంటివాళ్ల చేతిలో ఉంచి, ఎనుముకు పక్కగా కూర్చోండి. వెనక చేరితే తోక విసురుకు డిఫ్యూజర్ (ఫ్లాషు వెలుగును మెత్తబరిచే తెర) ఎగురుతుంది, తన్ను కొసరు. దూరం నుంచి రెండు మూడు ఫ్లాషులు కొట్టి ఎనుముకు ముందే అలవాటు చేయాలి.

100 ఎంఎం మాక్రోతో 1:1 దగ్గర (ఈగ అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గర) అపర్చర్ ఎఫ్11 పెట్టినా ఫుల్‌ఫ్రేము కెమెరాలో ఫోకస్ లోతు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కన్ను పదునుగా వస్తే మెడ మసక. ఎఫ్22కి పోతే డిఫ్రాక్షన్‌తో (సన్న సందులో వెలుగు చెదిరి) మొత్తం మెత్తబడుతుంది. ఫోకస్ రింగు ముట్టకుండా, ఊపిరి బిగబట్టి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకు జరుపుతూ ఐదారు ఫ్రేములు తీసి తర్వాత కలుపుకోవాలి. షట్టర్ 1/200, ఐఎస్‌ఓ 200 చాలు, వెలుగంతా ఫ్లాషుదే.

కొన్ని జాతుల కళ్లలో పచ్చ, రాగి పట్టీలుంటాయి. చస్తే వెలిసిపోతాయి. బతికున్నా, ఉత్త ఫ్లాషు పడితే పట్టీ స్థానంలో తెల్ల మచ్చే మిగులుతుంది. తెల్ల ఫోమ్ షీటును ఫ్లాషు ముందు నుంచి లెన్సు మూతి దాకా వంచి డిఫ్యూజర్‌గా కడితే రంగు నిలుస్తుంది. కళ్ల మధ్య సందు ఉంటే ఆడది. నెత్తిన కలిసిపోతే మగది, అది కుట్టదు.

నల్ల బ్యాగు ఎండలో పెడితే తామే వచ్చి వాలతాయి. నల్ల చొక్కాకూ అదే మర్యాద! లేతరంగు మందపాటి ఫుల్‌హ్యాండ్స్ వేసుకోండి, పల్చటి గుడ్డలోంచి కూడా కుడతాయి. ఈగను పట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచి తీసే పద్ధతి ఇక్కడ మానండి. ఇది 1989 నాటి నేషనల్ పార్కు.

నారాయణవనం దగ్గరి కైలాసకోన స్నానానికి బాగుంటుంది, ఈ పనికి కాదు.

బస తలకోనలోనే. తిరుపతి లాడ్జి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు వచ్చేసరికి ఎండెక్కుతుంది. తెల్లారుజామున చల్లదనానికి గడ్డిపోచ మీద బిగుసుకున్న ఈగ అప్పటికి ఎగిరిపోయి ఉంటుంది. బ్యాటరీలు తిరుపతిలోనే నింపుకోండి. ఏసీ గదిలో పడుకుంటే కెమెరాను బ్యాగు విప్పకుండా అరగంట బయట పెట్టాలి, లేదంటే లెన్సుకు ఆవిరి పట్టి మొదటి వెలుగు కాస్తా పోతుంది.