డెంటన్ దగ్గరి స్వారీ బడిలో పది శనివారాలు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న డెంటన్ కౌంటీలో ఇసుక కలిసిన నేల గుర్రాల కాళ్ళకు అనువుగా ఉంటుంది కాబట్టి అక్కడ లాయాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక స్వారీ బడి పెద్దవాళ్ళ కోసం నడిపే పది వారాల తరగతిలో ఈ వసంతంలో చేరాను. రుసుము 750 డాలర్లు. వారానికి గంటన్నర సమయంలో మొదటి అరగంట జీనుల గదిలో అమెరికా స్వారీ పద్ధతుల చరిత్ర చెబుతారు, తక్కిన గంట గుర్రం మీద అభ్యాసం చేయిస్తారు. ఫ్రిస్కో, ప్లేనోలలో ఉండే మనవాళ్ళు ఇలాంటి బడుల గురించి తరచుగా అడుగుతుంటారు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి రోజు మా గురువుగారు రెండు జీనులు పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటీ ఎత్తి చూడమన్నారు. కౌబాయ్‌లు వాడే వెస్టర్న్ జీను పదిహేను కిలోలకు పైనే ఉంటుంది. ముందు కొమ్ము, వెనుక ఎత్తైన ఆనుడు, పొట్ట కింద రెండు పట్టీలు. ఇంగ్లిష్ జీను అందులో సగం బరువైనా లేదు, దానికి కొమ్మూ లేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో పది వారాల్లో మీ చేతులకే తెలుస్తుంది అన్నారావిడ. వెస్టర్న్ వరకు ఆ మాట పూర్తిగా నిలబెట్టుకున్నారు.

1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ మెక్సికో తీరంలో దిగినప్పుడు ఆయన వెంట ఉన్నవి 16 గుర్రాలు. స్పెయిన్ రౌతులకు అప్పటికే రెండు పద్ధతులు తెలుసు: రికాబులు పొట్టిగా కట్టుకుని మోకాళ్ళు వంచి కూర్చునే హినేటా ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన మూర్‌ల దగ్గర నేర్చినది, కవచధారులు కాళ్ళు చాచి కూర్చునే బ్రీడా రెండవది. మెక్సికోలో పశువుల మందలను కాసే వకేరోలు ఈ రెండింటి నుంచీ తమ స్వారీని తయారు చేసుకున్నారు. ఇంగ్లిష్ మాట్లాడే కౌబాయ్‌లు వాళ్ళ దగ్గర పనితోపాటు మాటలు కూడా నేర్చుకున్నారు. వకేరో బకరూ అయింది, పశువులను పట్టే తాడు లా రియాటా లారియట్ అయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది నాలుగో వారం చెప్పిన తాడు పాఠం. ముళ్ళపొదల మధ్య పనిచేసే టెక్సస్ కౌబాయ్ పొట్టి తాడు వాడి, దాని కొసను జీను కొమ్ముకు గట్టిగా ముడివేసి ఉంచేవాడు. పట్టుకున్న పశువు గుంజినప్పుడు జీను వెనుక భాగం పైకి లేవకుండా రెండో పట్టీ ఆపేది. కాలిఫోర్నియా వకేరో వాడే పచ్చితోలు అల్లిక తాడు అరవై అడుగులో అంతకు మించో ఉంటుంది, ఒక్కసారిగా గుంజితే తెగిపోతుంది. అందుకని అతను దాన్ని ముడివేయకుండా కొమ్ముకు చుట్టి, కొంచెం కొంచెంగా జారనిస్తాడు. కాబట్టి అతని జీనుకు ఒక్క పట్టీ చాలు. ఆ చుట్టడానికి స్పానిష్‌లో వాడిన ‘దార్ లా వుయెల్తా’ అనే మాటే నోళ్ళలో నలిగి ‘డాలీ’ అయింది. గురువుగారు ఒక పాత టైరుకు తాడు కట్టి, కొయ్య దిమ్మకు బిగించిన కొమ్ము మీద నా చేత చుట్టించారు. బొటనవేలు పైకి ఉంచి చుట్టాలి, లేకపోతే తాడుకీ కొమ్ముకీ మధ్య అది నలిగిపోతుంది. టైరును అటు లాగగానే తాడు చేతితొడుగులోంచి వేడిగా జారింది. పట్టీలు రెండా ఒకటా అన్నది అలంకారం కాదని, తాడును బట్టి వచ్చిన అవసరమని అప్పుడు అర్థమైంది.

ఆ తరువాతి పాఠం హాకమోర్ అనే కళ్ళెం. మన ఎద్దుల ముక్కుతాడులా ఇది ముక్కులోంచి పోదు. బోసాల్ అనే అల్లిన తోలు చుట్టు గుర్రం ముక్కు దూలం మీద ఆనుతుంది, నోట్లో ఇనుము ఉండదు. కాలిఫోర్నియా పద్ధతిలో కుర్రగుర్రం ముందు దీనితో నేర్చుకుని, తరువాత రెండు జతల పగ్గాల దశ దాటి, కొన్నేళ్ళకు గానీ పూర్తి కళ్ళానికి రాదు. ఈ ఓర్పునే టామ్ డోరెన్స్, రే హంట్ వంటి గుర్రాల శిక్షకులు ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ బోధించారు. రౌతు కొద్దీ గుర్రం అని మనం అనేదీ, తప్పు గుర్రానిది కాదు, ముందు నీ కూర్చోవడం సరిచూసుకో అని వాళ్ళు చెప్పిందీ ఒకే దారి. నాకిచ్చిన, క్వార్టర్ అనే అమెరికా జాతి ఎర్రటి గుర్రం మెడకు ఎడమ పగ్గం తగిలీ తగలకముందే కుడికి తిరిగింది. నేను అటు చూసినప్పుడే నా నడుము తిరిగిందనీ, గుర్రం దాన్ని ముందే పసిగట్టిందనీ గురువుగారు చెప్పారు.

ఇంగ్లిష్ స్వారీకి మాత్రం రెండు వారాలే కేటాయించారు, అది చాలదు. దూకేటప్పుడు వెనక్కి వాలే పాత అలవాటును మాన్పించి, గుర్రంతోపాటు రౌతు ముందుకు సాగాలని చెప్పిన ఇటలీ సైనికాధికారి కాప్రిల్లీ గురించీ, ఆ విద్యను ఇటలీలో నేర్చుకుని వచ్చి అమెరికా సైన్యపు ఫోర్ట్ రైలీ అశ్వదళ పాఠశాల బోధనలో నాటిన హ్యారీ చేంబర్లిన్ గురించీ పది నిమిషాల్లో ముగించారు. చేంబర్లిన్ 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఈవెంటింగ్ (కవాతు స్వారీ, మైదాన పరుగు, దూకుడు మూడూ కలిసిన పోటీ) జట్టుతో స్వర్ణం, జంపింగ్‌లో వ్యక్తిగత రజతం గెలిచిన మనిషి. అంతటి వాడి పద్ధతిని నేల మీద పరిచిన నాలుగు కొయ్యల మీదుగా నడిపించి సరిపెట్టడం నాకు నచ్చలేదు.

అంతకన్నా పెద్ద లోపం చరిత్రలోనే ఉంది. బడి ఉన్న ఉత్తర టెక్సస్‌లో ఒకప్పుడు కొమాంచీ తెగ ఆదివాసులు తిరిగేవారు. జూలులో అల్లిన ఉచ్చులో మోచేయి దూర్చి, గుర్రం పక్కకు వేలాడుతూ, దాని మెడ కింది నుంచి బాణం వేసే వాళ్ళ నేర్పును 1834లో చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ కళ్ళారా చూసి చిత్రించాడు. పది వారాల్లో వాళ్ళ పేరు ఒక్కసారీ రాలేదు. టెక్సస్ పశువుల మందలను నడిపిన నల్లజాతి కౌబాయ్‌ల ఊసూ లేదు. అమెరికా స్వారీ చరిత్ర అని పేరు పెట్టి వీళ్ళను వదిలేయడం సరికాదు.

ఆరో వారం ఒక గుర్రానికి మోచేయి వెనుక పట్టీ ఒరుసుకుని చర్మం లేచిపోయి కనిపించింది. చెప్పగానే దాన్ని తప్పించారు, కానీ ఇంకొకటి సిద్ధం కావడానికి నలభై నిమిషాలు పట్టింది, ఆ సమయానికి బదులు పాఠం ఇవ్వలేదు. వెస్టర్న్ పాఠాల్లో పెద్దవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి చేయకపోవడం కూడా మార్చుకోవలసిన విషయమే. మీరు మాత్రం మీ హెల్మెట్ తీసుకువెళ్ళండి.

ఇన్ని చెప్పినా వెస్టర్న్ నేర్చుకోదలచినవారికి ఈ బడిని నిస్సంకోచంగా సూచిస్తాను. దూకడం నేర్చుకోవాలనుకుంటే వేరే చోటు చూసుకోవాలి. చేరేముందు మడమ ఉన్న తోలు బూట్లు కొనుక్కోండి. మడమ లేని బూటైతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుంటుంది.