మళ్లీ నిలబడ్డ కౌన్సిలరా, కొత్త అభ్యర్థా?

పాతవారిని తూచడం తేలిక, రికార్డు ఉంటుంది. కౌన్సిల్ సమావేశాల మినిట్స్ (చర్చలు, నిర్ణయాల రాతపూర్వక నమోదు) తీసి హాజరు, అడిగిన ప్రశ్నలు, బడ్జెట్‌పై వేసిన ఓటు చూడండి. ఎన్నికల ముందు వేసిన రోడ్డును లెక్కలోకి తీసుకోవద్దు. పదవిలోకొచ్చిన తొలి ఏడాదుల్లో డ్రైనేజీకి ఏం చేశారన్నదే అసలు పరీక్ష.

కొత్తవారికి రికార్డు ఉండదు, శ్రమ మనదే. ఓటడగడానికొస్తే నిలదీయండి: ఈ పనికి డబ్బు ఏ పద్దు నుంచి? మున్సిపాలిటీ చేతిలో లేని పనులకు హామీలిస్తుంటే వారికి ఆ పదవి గురించే తెలియదన్నమాట.

రిస్క్: పాతవారికి కాంట్రాక్టర్లతో బంధం.
కొత్తవారికి ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం.

సగంలో ఉన్న పైపులైను పనిని పాత కౌన్సిలర్ వెంటపడి నడిపిస్తున్నారా? పాతవారికే వేయండి. నీళ్లు, చెత్త ఫిర్యాదులు పదవీకాలమంతా అలాగే ఉంటే, లెక్కతో మాట్లాడే కొత్తవారికి.