కప్పా, కాటానా: పండ్ల కొలత ఎలా?

బెంగళూరు హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం) దుకాణాల్లో పండ్లు కిలోల లెక్కన ఇస్తారు. మనం ఫోన్‌లో చూసే రెసిపీలేమో చాలావరకు కప్పుల్లో అడుగుతాయి. అక్కడే టెన్షన్ మొదలు.

కప్పుతో పని త్వరగా అవుతుంది, కాదనను. కానీ అది కొలిచేది చోటును మాత్రమే. కప్పు నిండా కోయని స్ట్రాబెర్రీలు వేస్తే సుమారు 145 గ్రాములు. అవే ముక్కలైతే 165, గుజ్జయితే 230. అరటిపండు ముక్కలు 150 గ్రాములు పడితే మెదిపింది 225 దాకా పడుతుంది. కేక్‌లో ఆ 75 గ్రాముల తేడా చాలు, మధ్యలో పచ్చిగా ఉండిపోవడానికి! పైగా కప్పులన్నీ ఒకటి కావు: అమెరికావాళ్లది సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియావాళ్లది 250.

కాటాకు ఈ గొడవ లేదు. ముక్కలైనా, గుజ్జయినా 200 గ్రాములంటే 200 గ్రాములే. దానికీ ఒక మెలిక ఉంది, తొక్కా టెంకా. కొన్న కిలో మామిడిలో కిలో గుజ్జు రాదు కదా, అందుకే తీసేశాకే తూచాలి. బెంగళూరు బ్లూ ద్రాక్షతో జామ్ చేస్తే గింజలు వడకట్టి, మిగిలిన గుజ్జు బరువును బట్టి చక్కెర వేయడం మేలు.

జామ్‌కీ కేక్‌కీ నా ఓటు కాటాకే. ఫ్రూట్ సలాడ్‌కీ మిల్క్‌షేక్‌కీ కప్పు కూడా అనవసరం, గుప్పెడు చాలు. కప్పుల రెసిపీనే చేయాల్సి వస్తే, అందులో పండు కోసి కొలవమన్నారో మెదిపి కొలవమన్నారో చూసుకుని గ్రాముల్లోకి మార్చుకోండి.