ఎర్ర సంచి కొనాలా? విశాఖ కాలనీ వాలంటీర్ల కోసం ఒక పరిశీలన

‘ఎమర్జెన్సీ కిట్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే ఎర్ర సంచుల్లో, కంపెనీ ఏదైనా సరుకు ఇంచుమించు ఒకటే. చిన్న టార్చి, విజిల్, రేకు దుప్పటి, సన్నతాడు, మడత కత్తి, ప్రథమ చికిత్స పెట్టె, పది క్లోరిన్ బిళ్లలు. దారిలో కారు ఆగిపోయిన మనిషికి ఇవి చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖ వీధుల్లో పడ్డ పని వేరు. రోడ్లకు అడ్డంగా చెట్లు, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, సంపులో నీళ్లున్నా మోటారు తిరగలేదు. ఆ పనితో తూచి చూస్తే ఈ సంచికి అయిదుకు రెండు మార్కులు వేస్తాం.

ఆ రెండూ సంచికి, విజిల్‌కి. భుజాలకు రెండు పట్టీలున్నాయి కాబట్టి కొండవాలు కాలనీల మెట్లెక్కేటప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయి. గోడ కింద ఇరుక్కున్న మనిషికి కాసేపట్లోనే గొంతు పోతుంది, విజిల్‌కి అంత ఊపిరి అక్కర్లేదు.

పెద్ద లోటు రంపం. మడత కత్తికున్న రంపపు పలక బొటనవేలంత కొమ్మ దగ్గరే ఆగిపోతుంది. కొమ్మలు కోసే మడత రంపం ఒకటి, మొద్దులకు చట్రం ఉన్న పెద్ద రంపం ఒకటి విడిగా కొనాలి. వాడే పద్ధతి తెలియకపోతే అవీ ప్రమాదమే. రెండు చివరలా ఆని ఉన్న కొమ్మను పైనుంచే కోసుకుంటూ పోతే కోత మూసుకుపోయి రంపం ఇరుక్కుంటుంది. దాన్ని పైనుంచి మూడోవంతు కోసి, కిందినుంచి ముగించాలి. ఒక చివర గాల్లో ఉన్న కొమ్మకు పద్ధతి తిరగబడుతుంది. ముందు కిందినుంచి మూడోవంతు, తర్వాత పైనుంచి. లేకపోతే సగంలో చీలి కోసేవాళ్ల మీదికే వస్తుంది.

తీగ తగిలిన చెట్టును ముట్టుకోవద్దు. వీధంతా చీకటిగా ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. ఇంటి వైరింగును వీధి లైను నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా తగిలించిన ఒక్క జనరేటర్ చాలు, కరెంటు వెనక్కి లైన్లోకి ఎక్కడానికి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పి, లైన్‌మన్ వచ్చి లైను ఆపి ఎర్త్ చేశాకే రంపం తీయాలి. గాలి ఉన్నట్టుండి నిలిచిపోయినా బయటికి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు, అలాగైతే కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వీస్తుంది.

సంచిలోని సన్నతాడు మూట కట్టడానికే. కొమ్మ లాగడానికి 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 30 మీటర్లు కావాలి. పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో అడిగి, ముడులు లేని ఒకే ముక్క తీసుకోండి. ముడి పడ్డచోట తాడు బలం బాగా తగ్గుతుంది.

నీళ్ల లెక్క చూద్దాం. 0.5 గ్రాముల బిళ్ల మామూలుగా 20 లీటర్లకు సరిపోతుంది, అరగంట ఆగి తాగాలి. బిళ్లల బలం అన్నిటికీ ఒకేలా ఉండదు కాబట్టి అట్ట మీద రాసింది చదవాలి. పది బిళ్లలంటే 200 లీటర్లు. 20 ఇళ్లు, ఇంటికి నలుగురు, తాగడానికీ వంటకూ మనిషికి 5 లీటర్లు వేసుకుంటే రోజుకు 400 లీటర్లు. అంటే పూటకే ఖాళీ! బిళ్లలు వందకు తక్కువ కాకుండా పెట్టుకోండి. వాటితోపాటు సంపులోంచి నీళ్లు తోడే బక్కెట్టు, దానికి విడిగా తాడు, సంపు మూత తాళం రెండో చెవి. ఈ చెవి సంగతి చాలా అపార్ట్‌మెంట్లు మరిచిపోతాయి.

టార్చి చార్జింగ్‌ది. కరెంటు రాని మూడో రోజు దాంతో పనేముంది? సెల్స్ వేసే, తలకు కట్టుకునే టార్చి తీసుకుని, సెల్స్ విడిగా కవర్లో ఉంచండి. లోపలే వదిలేస్తే కారి చెడతాయి. సముద్రపు గాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి, కాస్త వాజెలిన్ రాస్తే నిలుస్తాయి.

ప్రథమ చికిత్స పెట్టెలో దూది, చిన్న ప్లాస్టర్లే ఎక్కువ. తుఫానులో కోసేవి రేకులు, అద్దాలు. 15 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు నాలుగు, గాజుగుడ్డ, గ్లవ్స్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చేర్చాలి. రక్తం కారుతుంటే గుడ్డపెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు.

కొన్ని కిట్లలో ఎన్95 మాస్కు ఇచ్చి ‘గ్యాస్ నుంచి రక్షణ’ అని రాస్తున్నారు. ఈ ఊళ్లో ఆ మాట నమ్మితే ప్రాణం మీదికొస్తుంది. ఎన్95 ఆపేది దుమ్మును, ఆవిరిని కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకై కమ్మిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు, పల్లంలో నిలుస్తుంది. అలాంటప్పుడు వాలంటీర్లు లోపలికి చొరబడకుండా అత్యవసర నంబరు 112కి చెప్పి, గాలి వీచే దారికి అడ్డంగా జనాన్ని పక్కకు నడిపించాలి. నిద్రలో ఉన్నవాళ్లను లేపడానికి చేతి మైకు ఒకటి ఉంటే మాస్కుల కన్నా మేలు.

కాబట్టి ఖాళీ సంచి, విజిళ్లు కొని మిగతావి విడిగా నింపుకోండి. తుఫాను కాలాలకు ముందు, అంటే ఏప్రిల్ మొదట్లో, సెప్టెంబరు చివర్లో సెల్స్, బిళ్లల తేదీలు చూడాలి, రంపానికి నూనె పెట్టాలి. సంచిని సెల్లార్‌లో పెట్టొద్దు, వానకు ముందు మునిగేది అదే. మొదటి అంతస్తులో ఎప్పుడూ మనుషులుండే ఇంట్లో ఉంచి, ఆ ఫ్లాట్ నంబరు మెట్ల దగ్గర గోడ మీద పెయింట్‌తో రాయించండి.